ఎ అంటే ఆపిల్ కాదు

గత నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు ఏడో తరగతి మ్యాథ్స్ నోట్‌బుక్ నా ముందు పెట్టారు. "మేడమ్, నేను తెలుగు మీడియంలో చదువుకున్నాను. ఇంట్లో పాపకి చెప్పలేకపోతున్నాను. ఈ కోఎఫిషియెంట్ అంటే ఏంటండీ?" అన్నారు. 7ఎక్స్ అని రాసి, ముందున్న 7 మీద వేలు పెట్టాను. "ఓ, గుణకమా!" అన్నారు.

ఇక నేను చెప్పనక్కర్లేకపోయింది. వేరియబుల్ అంటే చరరాశి, కాన్‌స్టంట్ అంటే స్థిరరాశి, లైక్ టర్మ్స్ అంటే సజాతి పదాలు, ఈక్వేషన్ అంటే సమీకరణం అని ఆయనే చెప్పుకుంటూ పోయారు. నిజం చెప్పాలంటే, 'సజాతి పదాలు' అన్న మాట నేను వినడం అదే మొదటిసారి. ఎల్‌కేజీ నుంచి బీఈడీ దాకా అంతా ఇంగ్లీషే. కానీ ఆ మాటలు ఎంత బాగున్నాయో చూడండి. మారుతూ ఉండేది చరరాశి, ఉన్నచోటే ఉండేది స్థిరరాశి. కోఎఫిషియెంట్ అన్న మాట వింటే పిల్లలకి ఏమీ తట్టదు. గుణకం అంటే మాత్రం గుణించేదని మాటలోనే ఉంది.

పేజీ తిప్పితే నా తప్పు బయటపడింది. ఒక్కో పెన్ను 5 రూపాయలైతే పి పెన్నులు ఎంత అన్నది లెక్క. పాప 5పి అని సరిగ్గానే రాసింది. పక్కన చిన్న అక్షరాలతో '5 పెన్నులు' అని కూడా రాసుకుంది. దానికి నేనే టిక్ పెట్టాను! అదేంటమ్మా అంటే, "మీరే చెప్పారు కదా మేడమ్, ఎ అంటే ఆపిల్, బి అంటే బనానా అని" అంది.

నిజమే, చెప్పాను. 3ఎ, 2బి ఒక పదంగా కలవవని త్వరగా ఎక్కడానికి ఆ దారి పట్టాను. ఆ రోజుకి పని జరిగింది. కానీ ఎ పండు కాదు, సంఖ్య. 5పి అంటే అయిదు పెన్నులు కాదు, పెన్నుల సంఖ్యకి అయిదు రెట్లు. పి 4 అయితే 20 రూపాయలు, 10 అయితే 50. పైగా రేపు ఎ ఇంటూ బి వస్తే ఆపిల్‌ని అరటిపండుతో ఎలా గుణిస్తాం?

మర్నాడు క్లాసులో నేను చెప్పింది తప్పని ఒప్పుకున్నాను. (పిల్లలు చప్పట్లు కొట్టారు, ఎందుకో మరి.) భాస్కరాచార్యుడు 12వ శతాబ్దంలో రాసిన 'బీజగణితం'లో తెలియని రాశులకి కాలక, నీలక, పీతక అని రంగుల పేర్లు వాడాడని కూడా చెప్పాను. నలుపు, నీలం, పసుపు. రంగుని ఎవరూ పండు అనుకోరు కదా.

తెలుగు మీడియంలో చదివిన అమ్మానాన్నలు దయచేసి వెనక్కి తగ్గకండి. రోజుకి 2 పాల ప్యాకెట్లు, పండగకి అదనంగా 3 తీసుకుంటే ఎన్ రోజులకి 2ఎన్ + 3. ఇందులో గుణకం ఏది, స్థిరరాశి ఏది అని మీ మాటల్లోనే అడగండి. పరీక్షలో ఇంగ్లీషులో రాయించే పని నాది.

మొన్న ఆ పాప నోట్‌బుక్ చివరి పేజీలో రెండు వరసలు కనిపించాయి. ఇటు పాప ఇంగ్లీషు మాటలు, అటు వాళ్ళ నాన్నగారి రాతలో తెలుగు మాటలు. మొత్తం పదకొండు. నా లెసన్ ప్లాన్‌లోకి ఎక్కించుకున్నాను.