2024లో నాకు మిగిలిన సినిమాలు

మణవాళనగర్‌లో సినిమా పిచ్చి ఉన్నవాళ్లకి ఒక సుఖం ఉంది. పట్టాలు దాటితే తిరువళ్లూరులో తమిళ సినిమా. సబర్బన్ రైలెక్కితే చెన్నైలో తమిళం, తెలుగు రెండూ. తిరుత్తణి మీదుగా బస్సు పడితే నగరి, పుత్తూరు, తిరుపతి, అక్కడంతా తెలుగే. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా వదిలి మద్రాసు రాష్ట్రంలో కలిసింది గానీ, ఈ చుట్టుపక్కల ఇళ్లలో తెలుగు ఎక్కడికీ పోలేదు. అందుకే ఏ సినిమా ఏ భాషలో వచ్చినా మాకు పరాయిది కాదు. 2024లో ఇలా తిరిగి తిరిగి చూసినవాటిలో మనసులో నిలిచినవి కొన్నే.

అన్నిటికన్నా ముందు ‘35 చిన్న కథ కాదు’. వినాయక చవితికి ముందు రోజు, సెప్టెంబర్ 6న వచ్చింది. దర్శకుడు నందకిశోర్ ఈమాని. కథ తిరుపతిలో జరుగుతుంది. నాన్న బస్సు కండక్టరు, అమ్మ పదో తరగతి తప్పిన గృహిణి, పెద్దకొడుకు అరుణ్‌కి లెక్కలు రావు. రావంటే మొద్దబ్బాయి కాదు. సున్నాకి విలువే లేనప్పుడు ఒకటి పక్కన చేరగానే అది పది ఎట్లా అయింది, తొమ్మిదికన్నా పెద్దదెట్లా అయింది అని అడుగుతాడు. వాడి ప్రశ్నకి బదులు చెప్పే ఓపిక బడిలో ఎవరికీ ఉండదు. పైగా మార్కుల్ని బట్టి పిల్లల్ని పిలిచే లెక్కల మాస్టారు వాడికి జీరో అని పేరు పెడతాడు. చివరికి తల్లి సరస్వతి కొడుక్కి చెప్పడం కోసం తనే లెక్కలు నేర్చుకోవడానికి కూర్చుంటుంది.

ఆ తల్లిగా నివేదా థామస్ నటన గురించి ఎంత చెప్పినా తక్కువే. వంటింటి పని, పిల్లాడి గొడవ, మొగుడి అలక, వీటి నడుమ పుస్తకం తెరిచినప్పుడు ఆమె మొహంలో సిగ్గూ పట్టుదలా రెండూ కనిపిస్తాయి. తరవాత తెలంగాణ ప్రభుత్వం గద్దర్ అవార్డుల్లో ఆమెని ఉత్తమ నటిగా ఎంచింది; సరైన ఎంపిక. మాస్టారుగా ప్రియదర్శిని చూస్తే కోపం వస్తుంది, రావాలి కూడా. సినిమాల్లో తిరుపతి అంటే కొండ, గోపురం, ఒక పాట, అంతే. ఇందులో ఊరు ఉంది: ఇళ్లు, బడి, డ్యూటీకి పోయే మనుషులు. ఈ వైపు మనుషుల్ని ఇంత శ్రద్ధగా చూపిన తెలుగు సినిమా ఇటీవల నాకు మరొకటి కనిపించలేదు.

అదే సెప్టెంబర్ నెలాఖరులో ప్రేమ్‌కుమార్ తీసిన ‘మెయ్యళగన్’ వచ్చింది. 27న తమిళం, మర్నాడు తెలుగులో ‘సత్యం సుందరం’. సొంతిల్లు పోగొట్టుకుని ఊరొదిలి పోయిన కుర్రాడు రెండు దశాబ్దాల తరవాత చెల్లెలి పెళ్లికి వస్తే, పేరు కూడా గుర్తులేని బంధువొకడు రాత్రంతా అతన్ని వదలడు. అతను వదిలేసిపోయిన పాత సైకిలు ఆ బంధువు ఇంటికి ఎంత ఆసరా అయిందో చెప్పే ఘట్టంలో, అతనిగా చేసిన అరవింద్‌స్వామి మొహం చూడాలి. నిడివి ఎక్కువైందన్న విమర్శలకి జంకి, విడుదలయ్యాక పద్దెనిమిది నిమిషాలు కోసేశారు. నాకది నచ్చలేదు. తీరిగ్గా మాట్లాడుకోవడమే ఆ సినిమా.

ఫిబ్రవరిలో వచ్చిన ‘అంబాజీపేట మ్యారేజి బ్యాండు’లో హీరో సుహాసే అయినా, నా లెక్కలో సినిమా అక్క పద్మగా చేసిన శరణ్య ప్రదీప్‌ది. ఊరి మోతుబరి చేసిన అవమానానికి ఆమె తలవంచదు, పోలీసు స్టేషను మెట్లెక్కుతుంది. ‘కల్కి’లో అశ్వత్థామగా అమితాబ్ బచ్చన్, ‘లక్కీ భాస్కర్’లో బ్యాంకు గుమాస్తాగా దుల్కర్ సల్మాన్ నిండుగా ఉన్నారు, ఆ రెండూ బాగానే చూశాను.

డిసెంబర్‌లో ‘పుష్ప 2’. గంగజాతర ఘట్టంలో చీర కట్టి ఆడిన అల్లు అర్జున్‌కి హాలంతా ఊగిపోయింది, నేనూ ఊగాను. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు ఆడవేషం కట్టడం ఈ వైపు అందరికీ తెలిసిన మొక్కుబడి. దాన్ని అంత భక్తిగా చూపినందుకు సంతోషమే. కానీ ఎర్రచందనం దొంగరవాణా కథ అది; ఆ దుంగలు మోసే కూలీ అందులో ఎక్కడున్నాడు? 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పులకి చనిపోయిన 20 మందీ తమిళనాడు నుంచి పోయిన కూలీలే. మొదటి భాగంలో పుష్ప కూడా కూలీయే. అతను పెద్దవాడయ్యాక కెమెరా అతని వెంటే పోయింది, దుంగ మోసేవాడి గడప తొక్కలేదు. ఎర్రచందనం మీద ఆ కూలీ కథగా ఇంకో సినిమా ఎవరైనా తీయాలని నా కోరిక.

నా వరస ఇది: మొదట ‘35’, తరవాత ‘సత్యం సుందరం’, ఆ తరవాత ‘అంబాజీపేట’. ఇంట్లో లెక్కలంటే భయపడే పిల్లలుంటే మొదటిది వాళ్ల పక్కన కూర్చుని చూడండి.