రాయి చిన్నది, ఖర్చు పెద్దది

కిడ్నీలో రాయి అనగానే అందరం నొప్పి గురించే చెప్పుకుంటాం. నేను డబ్బు గురించి చెబుతాను. మా వారి నొప్పి నాలుగు రోజుల్లో పోయింది, అప్పు ఇంకా ఉంది.

మాది వినుకొండ. రెండేళ్ళ క్రితం మిరప కోతల రోజుల్లో ఆయనకు నడుం పక్కనుంచి గజ్జల దాకా నొప్పి పట్టుకుంది. నరసరావుపేటలో స్కానింగు తీయిస్తే, మూత్రనాళంలో 8 మిల్లీమీటర్ల రాయి ఇరుక్కుందన్నారు. 5 మిల్లీమీటర్ల లోపువి చాలావరకు వాటంతటవే పడిపోతాయట, ఇది పడదన్నారు. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషనుకు 45 వేలు కట్టాం. లోపల పెట్టిన స్టెంటు తీయడానికి రెండు వారాలకు మళ్ళీ రమ్మన్నారు, దానికి వేరే బిల్లు! బస్సు చార్జీలు, మందులు, హోటలు భోజనాలు సరే, ఇక్కడ చేలో పండిన కాయ కోయించడానికి అదనపు కూలీలు. అంతా కలిసి 70 వేలు దాటింది. నా గొలుసు బ్యాంకుకు వెళ్ళింది.

ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది, 2024లో ఎన్.టి.ఆర్. వైద్య సేవ అని పేరు మారింది. కిడ్నీ రాళ్ళ ఆపరేషన్లు అందులో ఉన్నాయి. మేం వెళ్ళిన ఆసుపత్రి ఆ జాబితాలో లేదు. నొప్పితో మెలికలు తిరిగే మనిషిని పక్కన పెట్టుకుని జాబితాలు చూసే వేళా అది? అందుకే మీకు దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉందో ఒంట్లో బాగున్నప్పుడే కనుక్కోండి. స్టెంటు తీయడం కూడా కలిపి చెబుతున్నారా అని తప్పక అడగండి.

ఒకసారి రాయి వచ్చినవాళ్ళలో దాదాపు సగం మందికి పదేళ్ళలో మళ్ళీ వస్తుందట. ఆ మాట వినగానే నాకు మిగిలిన గాజులు గుర్తొచ్చాయి!

ఇప్పుడు రెండు లీటర్ల సీసాలు రెండు ఆయనతోపాటు చేనుకు వెళ్తాయి. ఖాళీ సీసాలు తిరిగి రాకపోతే అన్నం పెట్టను. మూత్రం పచ్చగా వస్తే నీళ్ళు చాలలేదన్నమాట. (గుండె జబ్బున్నవాళ్ళు మాత్రం డాక్టరునడిగే నీళ్ళు పెంచాలి.) ఉప్పు వేయకుండా నిమ్మకాయ నీళ్ళిస్తాను. నిమ్మలోని సిట్రేటు రాయి కట్టనివ్వదట. కష్టమల్లా ఉప్పు తగ్గించడమే. ఆవకాయ, ఊరమిరపకాయలు లేకుండా మా ఇంట్లో ముద్ద దిగదు. వాటిని వారానికి రెండుసార్లకు కుదించాను. పాలకూర ఎప్పుడో గాని వండను. పాలు, పెరుగు మానేయమని చుట్టాలంతా చెప్పారు గానీ డాక్టరుగారు వద్దన్నారు. భోజనంతో తిన్న పెరుగులోని కాల్షియం ఆకుకూరల ఆగ్జలేటును పేగుల్లోనే పట్టేస్తుందట.

కొండపిండి ఆకు కషాయం నేనూ కాచి ఇచ్చాను. అంత రాయి దానికి కరగలేదు. నొప్పితోపాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగినా ఆకులు నూరుతూ కూర్చోకండి, ఆ రాత్రికే బయలుదేరండి.