నెలసరి ఆగాక మీలో మేలుకునే దేవత ఎవరు?

"నెలసరి ఆగిపోయింది, ఇంక నాదేముంది!" అని మీరెప్పుడైనా నిట్టూర్చారా? మా ఇచ్చోడలో ఈ మాట సంతలో వింటాను, బస్టాండులో వింటాను. అనేవాళ్లకు యాభై అయినా నిండవు! మన దేశంలో స్త్రీలకు సగటున 46, 47 ఏళ్లకే నెలసరి ఆగుతుంది. వరుసగా 12 నెలలు రాకపోతే ఆగినట్టు లెక్క. ఆ తర్వాత ఇంకా పాతికేళ్లకు పైగా బతుకుంది కదా, దాని సంగతేమిటి?

అమెరికాలో జీన్ షినోడా బోలెన్ అనే మానసిక వైద్యురాలు 1984లో ఒక పుస్తకం రాశారు. గ్రీకు పురాణాల్లోని దేవతల స్వభావాలు ఆడవాళ్లందరిలోనూ ఉంటాయని అందులో చెప్పారు. యాభై దాటిన వారి కోసం 2001లో మరో పుస్తకం రాశారు. ఇది పరీక్షల్లో తేలిన వైద్యం కాదు సుమా! మన మనసును మనం తెలుసుకోవడానికి ఒక దారి, అంతే.

డిమీటర్ పంటల తల్లి. కూతురిని పాతాళ రాజు ఎత్తుకుపోతే తిండీ నీళ్లూ మాని తిరిగింది. లోకంలో పంటలే పండలేదు. కూతురు అత్తారింటికి, కొడుకు హైదరాబాదుకు వెళ్లాక మీకు పొయ్యి వెలిగించ బుద్ధి కావడం లేదా? ఆ దిగులు డిమీటర్‌దే. అయితే రెండు వారాలు దాటినా తగ్గకపోతే, నిద్ర పట్టకపోతే, "వయసు కదా" అని ఊరుకోకండి. డాక్టరుకు చెప్పండి. దిగులుకు మందుంది.

హెస్టియా పొయ్యిలోని నిప్పుకు దేవత. ఏ తగవులోనూ తల దూర్చదు, తన చోటు తాను వదలదు. రోజుకో అరగంట ఎవరికీ వండకుండా, వడ్డించకుండా మీకోసం కూర్చోండి. నడిస్తే మరీ మంచిది, ఎముకలకు బలం.

మూడో ఆమె హెకటీ. దారులు కలిసే చోట దివిటీతో నిలబడుతుంది. ఎత్తుకుపోయిన పిల్ల కేక విని, తల్లి దగ్గరికి వచ్చి తాను విన్నది చెప్పింది ఆమే. మన ఊళ్ల పెద్దమ్మ తల్లి పేరులోనే వయసుంది చూశారా? పెద్దరికం మనకు కొత్త కాదు.

నాకు 47వ ఏట రక్తస్రావం ఎక్కువైంది. ఒకచోట స్కానింగు చేసి, చిన్న గడ్డ ఉందని, "పిల్లలు పుట్టారుగా, గర్భసంచితో ఇంకేం పని? తీసేద్దాం" అన్నారు. డబ్బు కూడా సర్దుకున్నాం. మా వీధిలో ఒక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, "జల్ది చెయ్యకు బిడ్డా, ఇంకో డాక్టరుకు సూపెట్టు" అంది. రెండో డాక్టరు పరీక్షలన్నీ చేయించి, ఇలాంటి గడ్డలు నెలసరి ఆగాక సాధారణంగా కుంచించుకుపోతాయని చెప్పి, మందులిచ్చారు. ఆపరేషన్ అవసరం రాలేదు. ఆ పెద్దమ్మే నా హెకటీ.

ఇది నా ఒక్కదాని కథ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. తెలంగాణలో 7.7 శాతం! క్యాన్సర్ వంటి జబ్బులకు ఆపరేషన్ తప్పదు, భయపడకూడదు. కానీ అనవసరంగా తీయిస్తే, అందులోనూ అండాశయాలు కూడా పోతే, ఎముకలు తొందరగా గుల్లబారతాయి.

గుర్తుంచుకోండి: నెలసరి పూర్తిగా ఆగాక ఒక్క చుక్క రక్తం కనిపించినా వెంటనే చూపించుకోవాలి. రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. మన జొన్నరొట్టెలో అది తక్కువ. పక్కన నువ్వుల పొడి, పెరుగు పెట్టుకోండి. వారంలో కొన్నిసార్లు రాగి జావ తాగండి. ఒళ్లు ఆవిర్లు వస్తుంటే నూలు బట్టలు కట్టండి, టీ తగ్గించండి.

ఇక ఒక పని మీకు అప్పగిస్తున్నాను. మీ వాడకట్టులో ఏ చెల్లెలికైనా గర్భసంచి తీయాలన్నారని తెలిస్తే, ఆమెతో రెండో డాక్టరు దగ్గరికి మీరు కూడా వెళ్లండి. రిపోర్టుల సంచీ మీరు పట్టుకోండి. "తీయకపోతే ఏమవుతుంది? వేరే వైద్యం ఉందా?" అని ఆమె అడగలేకపోతే, మీరు అడగండి.