తమ్ముని సొరుగులోని తుపాకీ

ఇల్లు మారుట అంటే మన పల్లెల్లో అందరికీ తెలిసినదే. మంచాలు, బియ్యం బస్తాలు, పిల్లల పుస్తకాల పెట్టె ట్రాక్టరు మీద వేసుకొని, కొత్త ఇంట్లో ప్రార్థన కూటము పెట్టుకొంటే అయిపోయినట్టే. గుంటూరు నుండి హైదరాబాదుకు మారినవాడు ఇప్పుడు రాష్ట్రము దాటినట్టే గాని, వానికి రేషన్ కార్డు, పిల్లల టి.సి. తప్ప వేరే చింత ఉండదు. అమెరికాలో టెక్సాస్ నుండి న్యూజెర్సీకి మారుచున్న మా తమ్మునికి ఒక సొరుగు చింత అయినది. 2024 జూన్‌లో నేను వారి ఇంట్లో ఉన్నాను గనుక ఆ చింతలో నాకును పాలు వచ్చింది.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. 2021 డిసెంబరులో ఒక ఉదయము తమ్ముడు ఫోను చేశాడు. అతడు పనిచేసే పెట్రోలు బంకు దుకాణములో ఆ రాత్రి ఒకడు తుపాకీ చూపించి డబ్బు పట్టుకొని పోయాడట. తమ్మునికి దెబ్బ తగలలేదు గాని గొంతు వణుకుచున్నది. “అన్నయ్యా, నేను కూడా ఒకటి కొనుక్కోనా? కొంటే తప్పా?” అని అడిగాడు. పాదిరిగా సంఘములో అడిగిన ప్రతి ప్రశ్నకు ఏదో ఒక జవాబు చెప్పే నేను, “ప్రార్థన చేద్దాంలే తమ్ముడూ” అని ఫోను పెట్టేశాను. అవునని అనలేదు, కాదని అనలేదు. ప్రార్థన అనే మాటను తలుపు మూసుకోవడానికి వాడుకొన్నాను. ఆ వారములోనే అతడు కొన్నాడు.

కొనుట అక్కడ ఎంత తేలికో అతడు చెప్పగా విన్నాను. దుకాణమునకు పోయి, దేశమంతటికీ ఒకటే అయిన ఫారము నింపి, పాత నేరములేమైనా ఉన్నవా అని కేంద్ర ప్రభుత్వము వారి తనిఖీ పూర్తయ్యేవరకు కూర్చుంటే, గంట తిరగకముందే పిస్తోలు చేతికి వచ్చింది. మా మరదలు నర్సు. ఆమె ఉద్యోగము ద్వారా కుటుంబమంతటికీ గ్రీన్ కార్డు ఉన్నది గనుక అడ్డు లేదు. రాష్ట్రము వారి అనుమతి పత్రము గాని, ఎక్కడైనా నమోదు గాని అక్కర లేదు. 2021 సెప్టెంబరు 1 నుండి టెక్సాస్‌లో 21 ఏళ్ళు నిండి, చట్టము నిషేధించని వ్యక్తి లైసెన్సు లేకుండానే నడుమున పెట్టుకొని వీధిలో తిరగవచ్చు.

అంతా అయిన తరువాత దుకాణము యజమాని, “పనిలోకి అది తేవద్దు” అన్నాడట. భయపడినది దుకాణములో, తుపాకీ ఉన్నది పడకగదిలో! మంచము ప్రక్క సొరుగులో, తాళము వేసి, రెండున్నరేళ్ళుగా.

మా పల్నాడులో నాటుబాంబుల మాట విననివారు లేరు గాని, నా చిన్ననాట నేను కళ్ళారా చూచిన తుపాకీ ఒక్కటే. మా ఊరి మోతుబరి ఇంటి గోడకు వ్రేలాడే రెండు గొట్టాలది. ఎన్నికలు వచ్చినప్పుడు ఆయన దానిని గుడ్డలో చుట్టి పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు తెచ్చుకొనేవాడు. పిల్లలము వెనుక నడిచేవాళ్ళము. మన దేశములో 1959 నాటి ఆయుధాల చట్టము శ్రీకాకుళమునకు, చిత్తూరుకు, ఢిల్లీకి ఒక్కటే. లైసెన్సు ముందు, తుపాకీ తరువాత. అమెరికాలో కేంద్ర చట్టమొకటి అందరికీ ఉన్నా, దానిమీద ఏ రాష్ట్రము గోడ ఆ రాష్ట్రము కట్టుకొన్నది. ఒకచోట మోకాలి ఎత్తు, మరొకచోట తలకు మించిన ఎత్తు.

నేను వెళ్ళిన రెండవ రోజే తమ్ముడు సామాను సర్దుతూ ఆ సొరుగు తీసి, పిస్తోలు నా చేతిలో పెట్టాడు. బరువుగా, చల్లగా ఉన్నది. దానిలో అమర్చే తూటాల మ్యాగజైను 17 పట్టేది. ఆదివారము వారి తెలుగు సహవాసములో ఇరవై ఏళ్ళుగా అక్కడ ఉన్న ఒక పెద్దాయనతో ఈ సంగతి చెబితే ఆయన ముఖము మారింది. “అయ్యగారూ, మీరు విజిటరు వీసా మీద వచ్చారు. వీసా మీద వచ్చినవారు తుపాకీ గాని, ఒక్క తూటా గాని కలిగియుండుట ఇక్కడ కేంద్ర చట్టము ప్రకారము నేరము. మళ్ళీ ముట్టుకోవద్దు” అన్నాడు. వేట లైసెన్సు గలవారికి, మరికొందరికి మినహాయింపులున్నవి గాని ఆ చట్టము 1998 నుండి ఉన్నది. చదువు కోసము, ఉద్యోగము కోసము వీసా మీద వెళ్ళే మన పిల్లలందరికీ ఇది వర్తిస్తుంది. మీ బిడ్డను విమానము ఎక్కించేటప్పుడు ఆవకాయ మూత బిగించారా అని చూస్తారు కదా, ఈ మాట కూడా చెవిలో వేయండి. 2024 నవంబరులో అట్లాంటాలో ఒక తెలుగు విద్యార్థి తన తుపాకీని శుభ్రము చేసుకొనుచుండగా అది పేలి చనిపోయిన వార్త మీరును చదివియుంటారు.

అదే పెద్దాయన ఇంకొక ప్రశ్న వేశాడు. “దీనిని న్యూజెర్సీకి ఎలా తీసుకొని పోతావు?” తమ్ముడు ఆ సంగతే ఆలోచించలేదు. మంచము, టి.వి.తో పాటు అదీ వస్తుందనుకొన్నాడు.

ఆ రాత్రి మరదలు, తమ్ముడు, నేను భోజనాల బల్ల దగ్గర కూర్చొని రెండు రాష్ట్రముల చట్టములు ప్రక్కప్రక్కన పెట్టుకొని చదివాము. న్యూజెర్సీలో తుపాకీ కొనదలచినవాడు ముందు పోలీసుల ద్వారా గుర్తింపు కార్డు తీసుకోవాలి. వేలిముద్రలు ఇవ్వాలి, తన్ను ఎరిగినవారి పేర్లు వ్రాయాలి, మానసిక ఆరోగ్యపు రికార్డులు చూచుకోవడానికి సమ్మతించాలి, శిక్షణ పొందాలి. పిస్తోలుకైతే ప్రతిదానికీ వేరే అనుమతి, నెలకు ఒకటికి మించి కొనరాదు. బయటి రాష్ట్రము నుండి తుపాకీతో వచ్చి స్థిరపడేవాడు 60 దినములలో ఆ కార్డు తీసుకొని దానిని నమోదు చేయించుకోవాలని 2022 లో చట్టము చేశారు. మ్యాగజైనులో 10 తూటాలకు మించరాదని 2018 నుండి ఉన్నది.

మరదలు అక్కడ ఆగింది. 17 పట్టే మ్యాగజైను టెక్సాస్‌లో ఒక ఇనుప డబ్బా, అంతే. న్యూజెర్సీలో అది కలిగియుండుట 18 నెలల వరకు జైలుకు తగిన నేరము. అంతకంటె పెద్ద మాట ఏమిటంటే, గ్రీన్ కార్డు గలవానికి తుపాకీ నేరము మీద శిక్ష పడితే దేశము నుండి పంపివేయవచ్చు. “బావగారూ, పన్నెండేళ్ళు రాత్రి డ్యూటీలు చేసి సంపాదించుకొన్నది ఈ డబ్బాలో పోతుందా?” అన్నది ఆమె. కోపముగా అనలేదు. లెక్క చూచినట్టు అన్నది.

ఇది ఊహించుకొన్న భయము కాదు. 2013 లో ఫిలడెల్ఫియాకు చెందిన ఒక తల్లి, తన రాష్ట్రము ఇచ్చిన లైసెన్సు చాలుననుకొని వంతెన దాటి న్యూజెర్సీకి వచ్చింది. కారు ఆపిన పోలీసు అధికారితో తనంతట తానే, “నా దగ్గర తుపాకీ ఉన్నది” అని చెప్పింది. జైలుకు పోయే స్థితి వచ్చింది. చివరకు 2015 లో గవర్నరు క్రిస్ క్రిస్టీ క్షమాభిక్ష పెట్టవలసివచ్చింది. నిజము చెప్పినందుకే ఆమె పట్టుబడింది అని తమ్ముడు పదే పదే అన్నాడు. ఆ మాటలో న్యాయము లేకపోలేదు.

దారి సంగతి మరొక చిక్కు. మేము కారులో పోవలసిన దారి ఆర్కన్సా, టెన్నెసీ, వర్జీనియా దాటి, వెస్ట్ వర్జీనియా, మేరీలాండ్ కొసలను త్రొక్కి, పెన్సిల్వేనియా మీదుగా న్యూజెర్సీ చేరుతుంది. మేరీలాండ్‌లో ఆ 81 వ నంబరు రోడ్డు పన్నెండు మైళ్ళే. మన ఊరి నుండి సంతకు పోయినంత దూరము. దానికి ఇవతల వెస్ట్ వర్జీనియాలో లైసెన్సు లేకుండా నడుమున పెట్టుకోవచ్చు, అవతలి గట్టు మీద లైసెన్సు లేనిదే కుదరదు. ప్రయాణికుల కొరకు 1986 లో ఒక కేంద్ర చట్టము చేశారు. తూటాలు తీసి, చేతికి అందకుండ డిక్కీలో తాళము వేసి తీసుకొని పోతే మధ్య రాష్ట్రములు పట్టుకోరాదని. అయితే బయలుదేరే చోటను చేరే చోటను అది చట్టబద్ధమై ఉండాలి. చేరే చోట ఆ మ్యాగజైనే నేరము గదా!

తమ్ముడు అయినా ఒప్పుకోలేదు. 10 తూటాల మ్యాగజైను కొని, కార్డుకు దరఖాస్తు పెడతానన్నాడు. నేను తుపాకీ వద్దన్నప్పుడు అతడు వేసిన ప్రశ్న ఇదిగో. 2017 నవంబరు 5 న సదర్లాండ్ స్ప్రింగ్స్ అనే పల్లెలో ఆరాధనలో ఉన్న బాప్టిస్టు సంఘము మీద ఒకడు కాల్పులు జరిపి 26 మందిని చంపాడు. 2019 డిసెంబరు 29 న ఫోర్ట్‌వర్త్ ప్రక్కన వైట్ సెటిల్‌మెంట్‌లో మరొకడు ఆరాధన మధ్యలో లేచి ఇద్దరిని చంపగా, సంఘ భద్రత చూచుకొనే సభ్యుడే క్షణాలలో వానిని కాల్చి పడవేశాడు. “ఆయన దగ్గర తుపాకీ లేకపోతే ఎంతమంది పోయేవారు అన్నయ్యా?” ఆ సంవత్సరమే సెప్టెంబరు నుండి టెక్సాస్‌లో, సంఘము వద్దని చెబితే తప్ప, లైసెన్సు గలవారు ఆరాధనకు తుపాకీతో రావచ్చు. వద్దనుకొన్న సంఘములు తలుపు మీద అంగుళము ఎత్తు అక్షరములతో ఇంగ్లీషులోను స్పానిషులోను నోటీసు వ్రాయిస్తారు. నేను ప్రసంగించిన చోట ఆ నోటీసు ఉన్నది. దానిని దాటి లోపలికి పోయి సమాధానమును గూర్చి మాట్లాడాను. తమ్ముని ప్రశ్నకు మాత్రము నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఒక లెక్క మాత్రము చూపించాను. 2022 లో తుపాకీ వలన మరణించినవారు టెక్సాస్‌లో లక్షమందికి సుమారు 15, న్యూజెర్సీలో సుమారు 5. చట్టమొక్కటే కారణమని చెప్పలేము గాని ఆ దేశమంతటిలో ఈ మరణములలో సగానికి పైగా హత్యలు కావు, ఆత్మహత్యలు. తమ్ముడు కాగితము చూచి, “మన ఇంట్లో ఎవరున్నారు అలాంటివాళ్ళు?” అన్నాడు.

నేను వారి కొడుకు గదిలో పండుకొనేవాడిని. వానికి 16 ఏళ్ళు. రెండేళ్ళలో హైస్కూలు ముగిసేది, స్నేహితులను విడిచి రావడము వానికి ఇష్టము లేదు. పళ్ళెము పట్టుకొని గదిలోకి పోయేవాడు, పలకరిస్తే ఊఁ అనేవాడు. ఆ రాత్రి లైటు తీసిన చాలాసేపటికి, “పెదనాన్నా, నాన్న తాళంచెవి ఎక్కడ పెడతాడో నాకు తెలుసు” అన్నాడు.

“ఎప్పుడైనా తీశావా?”

“ఒకసారి. ఊరికే చూశాను. మళ్ళీ పెట్టేశాను.”

ఇంకేమీ చెప్పలేదు. నేను అడగలేదు. వాని ఊపిరి నిద్రలోకి పోయేవరకు మేలుకొని ఉన్నాను.

మా ఊళ్ళో కొన్నేళ్ళ క్రితము ఇంటరు చదివే పిల్లవాడొకనిని నేను సమాధి చేశాను. ఫోను విషయములో తండ్రి కేకలు వేశాడు, అంతే. పత్తికి కొట్టగా మిగిలిన మందు డబ్బా దూలము సందున ఉన్నది. తండ్రి నా చెయ్యి పట్టుకొని, “అయ్యగారూ, అది చేను దగ్గరే పెట్టి వచ్చియుంటే, వాడు అక్కడికి నడిచి పోయేలోపల కోపము చల్లారేది” అన్నాడు. మన ఇండ్లలో తుపాకులు లేవని నేను అమెరికా వారిని చూచి ఆశ్చర్యపడుచున్నాను గాని, ఆ డబ్బా ఎన్ని ఇండ్లలో చేతికందే చోట లేదు?

చట్టములు కూడా పిల్లవాడు ఎవడన్న దానిలో ఏకము కాలేదు. పిల్లల చేతికి అందేలా తూటాలున్న తుపాకీ ఉంచుట టెక్సాస్‌లోను నేరమే, 1995 నుండి. అక్కడ పిల్లవాడంటే 17 లోపు. న్యూజెర్సీలో మేము చదివిన నాటికి 16 లోపు. అంటే మావాడు టెక్సాస్‌లో బిడ్డ, న్యూజెర్సీ చేరగానే కాదు!

తెల్లవారి తమ్మునితో కారులో పాలు తేవడానికి పోతూ వాని మాట చెప్పాను. కారు ప్రక్కకు తీసి ఆపాడు. స్టీరింగు పట్టుకొని చాలాసేపు కూర్చున్నాడు. “ఏ తాళంచెవి?” అని మాత్రము అడిగాడు. రెండున్నవట.

తోటి పనివాడొకడు నాలుగు వందల డాలర్లకు కొంటానన్నాడు. అదే రాష్ట్రము వాడైతే, వాడు నిషిద్ధుడని తెలియనంతవరకు, ఫారము లేదు, తనిఖీ లేదు, చేతిలో డబ్బు పెడితే చాలు. తమ్ముడు కొంచెము ఊగాడు. మరదలు, “వాడు రేపు ఎవరికి అమ్ముతాడో” అన్నది. ఆ మధ్యాహ్నమే లైసెన్సు గల దుకాణమునకు తీసుకొని పోయి, మ్యాగజైనులతో సహా రెండు వందల యాభైకి ఇచ్చివేశారు. నేను కారులోనే కూర్చున్నాను, పెద్దాయన మాట జ్ఞాపకము పెట్టుకొని.

ప్రయాణము మూడు రోజులు పట్టింది. డెలావేర్ నది వంతెన మీద మరదలు, “ఇదేనా గీత?” అని అడిగింది. నీళ్ళ మీద గీత ఏమీ కనబడలేదు.

తమ్ముడు న్యూజెర్సీలో మళ్ళీ ఒక దుకాణములోనే రాత్రి పనికి కుదిరాడు. తలుపు గంట మ్రోగితే ఉలిక్కిపడుట పోలేదని మొన్న ఫోనులో చెప్పాడు. కార్డుకు దరఖాస్తు పెట్టలేదు, పెట్టనని కూడా అనలేదు. ఆ సొరుగు గల బల్లను వారితోనే తెచ్చుకొన్నారు. మరదలు దానిలో పాస్‌పోర్టులు పెట్టింది. రెండవ తాళంచెవి ఇంకా దొరకలేదట. వాడు పారవేశానంటాడు.