ఉస్మానియా ఆవరణమున తుమ్మెదలు

తార్నాక దాటి ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణమున ప్రవేశించినచో నగరపు రొద కొంత తగ్గును. 1918లో వెలసిన ఈ విద్యాపీఠమునకు 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల భవనము తలమానికము. దానిని చూడ వచ్చిన మేము దారిప్రక్క తంగేటిపొదయొద్ద ఝంకారము విని నిలిచితిమి. నల్లని మేను, నీలపు మెరుపుగల రెక్కలు: అది తుమ్మెద!

హిమాలయములందును శీతలదేశములందును బంబుల్ బీలు చేయు పనిని మనసీమలో తుమ్మెద చేయుచున్నది. తంగేటిపూవు పుప్పొడితిత్తులు విచ్చుకొనవు. కొనయందు సన్నని రంధ్రములు మాత్రముండును. తుమ్మెద తిత్తిని పట్టుకొని, రెక్కలాడింపకయే కండరములను వణకించును. అంతట పుప్పొడి జలజల రాలును. తేనెటీగకు ఈ విద్య రాదు. వంగపూవును ఇట్టిదే, కావున మన గుత్తివంకాయకూర కొంత తుమ్మెద చలువయే.

1958లో కూనూరునుండి తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థయని పేరొందిన పరిశోధనాలయము తార్నాకలోనే కలదు. ఆహారపు విలువ నెంచు ఆ సంస్థకు చేరువనే ఆహారమును పండించు ఈ ప్రాణియు నున్నది.

అయినను దూలము తొలుచునని మనము చీపురెత్తుదుము. ఎండుకొమ్మలు, వెదురుగడలే దాని పుట్టినిల్లు. అవి లేకున్న దానికి నిలువనీడ లేదు. మగతుమ్మెదకు ముల్లే లేదు. ఆడది చేత పట్టినగాని సాధారణముగా కుట్టదు. సోదరీమణులారా, పెరటిలో ఒక ఎండుకొమ్మను దానికై విడువరాదా?