చిలుకూరు దాటిన తర్వాత

పిల్లలూ! చేవెళ్ల నుంచి మొయినాబాదు వచ్చే దారి మర్రిచెట్లకు పేరుపడ్డది. మొయినాబాదు మండలంలోనే, గండిపేట చెరువు ఒడ్డున చిలుకూరు బాలాజీ గుడి ఉన్నది. జనం ఆయనను ‘వీసా బాలాజీ’ అంటారు. మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108! లెక్క తప్పకుండా అంకెల చీటీ చేతబట్టుకుని తిరుగుతారు.

సరే, వీసా వచ్చింది. పరాయి దేశంలో విమానం దిగగానే ‘చేరాను’ అని అమ్మకు కబురు చేయటం ఎట్లా? మన సిమ్ముతోనే అక్కడ నెట్టు వాడితే ఖర్చు బాగా పెరగవచ్చును. అందుకే ఈ-సిమ్ము వచ్చింది. ఇది చేతికి దొరికే ముక్క కాదు. కొన్ని ఫోనులలో కందిగింజంత చిప్పు ముందే అతికించి ఉంటుంది. క్యూఆర్ గుర్తును ఫోనుకు చూపిస్తే, ఆ దేశపు నెట్టుకు కావలసిన వివరాలు అందులోకి దిగుతాయి. మర్రికొమ్మ నుంచి ఊడ దిగినట్లన్నమాట; మొదలు ఎక్కడికీ పోదు. పాత సిమ్ము తీయనక్కరలేదు. దానికి ముందే రోమింగు సౌకర్యం పెట్టించుకుంటే బ్యాంకు ఓటీపీలు అందులోకే వస్తాయి. దాని డేటా రోమింగు మాత్రం ఆపి ఉంచాలి.

చిత్రమేమంటే, ఆ వివరాలు దిగటానికే నెట్టు కావాలి! కనుక బయలుదేరకముందే ఇంట్లో వైఫై మీద దించుకోవాలి. మీ అన్నయ్యో, అత్తయ్యో ప్రయాణమవుతుంటే ఫోనులో *#06# నొక్కి చూడమనండి. ఈఐడీ అని 32 అంకెలు కనబడితే, అందులో ఆ చిప్పు ఉన్నట్లే.