‘స్కానింగ్ తీయించాం’ అంటే ఏం తీయించినట్టు?

ఎత్తిపోతల దగ్గర మా పల్లెలో జబ్బుచేసిన మనిషిని పలకరిస్తే మొదట వినపడే మాట, "స్కానింగ్ తీయించాం". ఏ స్కానింగ్ అంటే జవాబుండదు, పెద్ద కవరు చూపిస్తారు. కడుపుతో ఉన్న కోడలికి తీసిందీ స్కానింగే, బండి మీంచి పడ్డవాడి తలకు తీసిందీ స్కానింగే, నాపరాయి మోసి నడుం పోయిన మా బాబాయికి తీసిందీ స్కానింగే. ఒక్క మాట కింద వేర్వేరు మిషన్లు, వేర్వేరు రేట్లు. తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కదా, నాకీ మాట మీదే అనుమానం. డబ్బులు పోయేచోట మాట ఇంత మసగ్గా ఉంటే లాభం ఎవరికి?

బాబాయికి నడుం నుంచి కాలి బొటనవేలు దాకా తిమ్మిరి. పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ముందు ఎక్స్‌రే తీశారు, తర్వాత సీటీ, ఆ తర్వాత ఎమ్మారై కూడా కావాలన్నారు. సీటీకే పిన్ని కమ్మలు కుదవకు పోయాయి. "ఇన్ని తీశారు గదరా, ఇంకా కనపడలేదంటనా?" అని నన్నడిగింది. అక్కడ అడిగితే "నీకు చెప్తే అర్థమవుద్దా?" అన్నారట.

అర్థమవుద్ది. బడి గుమ్మం దగ్గర మా తాతలు విన్నదీ ఈ మాటే.

ఎక్స్‌రేని 1895లో జర్మనీలో రాంట్‌జెన్ కనిపెట్టాడు, పేటెంటు కూడా తీసుకోలేదు. మన పాఠ్యపుస్తకాలు క్ష-కిరణాలన్నాయి, ఊళ్ళో ఎవరూ అనలేదు. ఎముకలోని కాల్షియం కిరణాన్ని ఆపుద్ది, అందుకే తెల్లగా పడుద్ది. విరిగిన ఎముకకీ, ఊపిరితిత్తుల్లో నెమ్ముకీ ముందు ఇదే. నరం, డిస్కు ఇందులో కనపడవు.

సీటీ కూడా అదే కిరణం. ఒంటి చుట్టూ తిరుగుతా తీస్తే, కంప్యూటరు దొండకాయ చక్రాల్లాగా పొరలు చేసి చూపిస్తుంది. 1971లో లండన్‌లో మొదటి రోగికి తీశారు. తలకి దెబ్బ తగిలి లోపల రక్తం కారుతుంటే నిమిషాల్లో పట్టిస్తుంది. కాకపోతే ఒక కడుపు సీటీలో ఒంటికి తగిలే రేడియేషన్ సుమారు వంద ఛాతీ ఎక్స్‌రేలంత. అవసరమైతే భయపడొద్దు, ఊరికే తీయించుకోవద్దు. డిస్కు దీన్లో కొంత కనపడుద్ది, నరం అంత తేటగా కాదు.

కడుపులో బిడ్డను చూసేది అల్ట్రాసౌండ్. కొండకెదురుగా కేకేస్తే తిరిగొచ్చినట్టు, చెవికి వినపడని శబ్దం లోపలికెళ్ళి తిరిగొచ్చి బొమ్మవుతుంది. రేడియేషన్ లేదు. ఆడో మగో చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం.

ఎమ్మారైలోనూ ఎక్స్‌రే ఉండదు. పెద్ద అయస్కాంతం, రేడియో తరంగాలు కలిసి మన ఒంటి నీళ్ళలోని హైడ్రోజన్‌ని కదుపుతాయి, అది సర్దుకునేటప్పుడు వచ్చే సంకేతమే బొమ్మ. నరం, డిస్కు, వెన్నుపాము దీన్లోనే బాగా తెలుస్తాయి. అరగంట దాకా ఆ మోతలో కదలకుండా పడుకోవాలి. పేస్‌మేకరుంటే ముందే చెప్పాలి. ఎప్పుడైనా కంట్లో ఇనప రజను పడినా చెప్పాలి. వెల్డింగు చేసేవాళ్ళు, సుత్తీ ఉలీ పట్టేవాళ్ళు ఇది మర్చిపోవద్దు.

బాబాయిది నరం బాధని ఆ తిమ్మిరే చెప్తోంది. మధ్యలో సీటీ ఎందుకో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. అసలు ఉత్త నడుంనొప్పి చాలామందికి ఏ స్కానింగూ లేకుండానే కొన్ని వారాల్లో తగ్గుద్ది. కాలు పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు పోయినా మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు.

రాసిచ్చే డాక్టర్ని రెండు మాటలడగండి: ఏం చూట్టానికి తీస్తున్నారు? అది కనపడితే వైద్యం ఏం మారుద్ది? ఫిల్ములూ రిపోర్టూ ఇంటికి తెచ్చుకోండి. రేపు గుంటూరు పెద్దాసుపత్రికి పోయినా, తీసిందే మళ్ళీ తీసే పని తప్పొచ్చు.